దర్శి ట్రాక్టరు సముద్రానికి పోయిన కార్తీకం

దర్శి నుంచి సముద్రం ఏమంత దూరం కాదురా పిల్లలూ. ఇప్పుడైతే పొద్దున్నే ఇడ్లీలు తిని కారెక్కితే ఎండ ముదరకముందే ఒడ్డున దిగుతారు. మా రోజుల్లో మన మెట్టోళ్లకి సముద్రమంటే కథల్లో మాట. పండు ముసలోళ్లయి కూడా దాని మొహం చూడకుండా పోయినోళ్లు మన వీధిలోనే బోలెడుమంది. మా నాయనమ్మ కూడా అట్టాగే పోతదేమోనని మా నాయనకి దిగులు పట్టుకుంది. 1976 కార్తీకంలో ఆ దిగులు తీరింది. ఎట్టా తీరిందో చెప్తా, మంట దగ్గరికి జరగండి. ఆ కందికట్టె కొంచెం లోపలికి తొయ్యరా చిన్నోడా.

ముందు ట్రాక్టరు సంగతి చెప్పాలి. 1967లో సాగరు కాలవలకి నీళ్లొదిలినాక మన మెట్ట చేలకి కొత్త ఆశ పుట్టింది. 1969లో బ్యాంకుల్ని సర్కారు తీసుకున్నాక రైతుకి అప్పు పుట్టే దోవ కూడా పడింది. వరలక్ష్మి పత్తి అని కొత్త రకం వచ్చి జొన్న చేలని పక్కకి నెట్టడం మొదలుపెట్టింది. ఆ ఊపులోనే మా చిన్నాయన బ్యాంకు అప్పుతో ట్రాక్టరు కొన్నాడు. దానికి పసుపు పూసి, బొట్టు పెట్టి, ముంగల నిమ్మకాయలు కట్టాడు. చీకటి పడితే పిల్లకాయల్ని దాని పక్కకి కూడా రానిచ్చేవాడు కాదు.

చిన్నాయన ముంగలికి బ్రహ్మాండంగా తోలేవాడు. వెనక ట్రక్కు తగిలిస్తే మాత్రం రివర్సు రాదు. మీరు నవ్వుతున్నారుగానీ అది నిజంగా కష్టమైన పనేరా. ట్రాక్టరుకీ ట్రక్కుకీ మధ్య ఉండేది ఒక్క పిన్ను. వెనక్కి పోయేటప్పుడు స్టీరింగు ఒక పక్కకి తిప్పితే ట్రక్కు రెండో పక్కకి పోతది. కాస్త ఎక్కువ తిప్పామా, రెండూ మడత పడి నడి రోడ్డు మీద ముడుచుకుంటయ్యి. అందుకని చిన్నాయన బయల్దేరేముందే కట్టడి పెట్టాడు. తిప్పుకునే చోటు దొరికితే తిరుగుతాం, దొరక్కపోతే రోడ్డు ఎటు పోతే అటే పోతాం, నన్నెవ్వరూ వెనక్కి పొమ్మనకూడదు అన్నాడు. మా ప్రయాణం ఎటు పోవాలో చాలా మటుకు ఆ కట్టడే తేల్చింది.

ట్రక్కులో వరిగడ్డి పరిచి, దాని మీద జంపఖానా వేశాం. నాయన, అమ్మ, చిన్నమ్మ, మా పెద్దక్క, బావ, మేము పిల్లకాయలం, నడి మధ్యన నాయనమ్మ. ఆమె చుట్టూ జొన్నరొట్టెల మూట, పండుమిరప పచ్చడి జాడీలు, ఇంకా మంచినీళ్ల కుండలు ఉన్నాయి. "ఏందమ్మా, దోవలో నీళ్లుండవా?" అన్నాడు నాయన. "సముద్రం పక్కూళ్లలో నీళ్లన్నీ ఉప్పేరా, నన్ను దాహంతో చంపుతారా?" అని ఆమె కుండలు పొట్టకి ఆనించుకుని కూర్చుంది. ట్రక్కు గుంటలో పడినప్పుడల్లా ఆ నీళ్లు ఆమె వొళ్లో పడేయి. కార్తీక స్నానం దర్శిలోనే మొదలైందని మా బావ నవ్వాడు.

ముండ్లమూరు దాటి, గుండ్లకమ్మ ఇసకలో సద్ది తిని, అద్దంకి చేరాం. అద్దంకి మీద నాకు ఎప్పుడూ గౌరవమే. పండరంగడనే సేనాని వేయించిన తెలుగు పద్య శాసనం ఆడిదే, 848 నాటిది. కొండవీటి రెడ్ల రాజ్యం మొదలైంది కూడా అద్దంకిలోనే. ఆ రోజు మాత్రం మేము ఆగలా, బస్టాండు దగ్గర తిప్పుకునే చోటు కనపళ్లా. ఇంకొల్లు దోవలో నల్లరేగడి చేలు చూసి నాయన చాలాసేపు మాట్లాడలా. మన ఎర్ర చెలకల్లో బతికినోడికి ఆ నేల చూస్తే కడుపు నిండినట్టుంటది. అక్కడి మిరప తోటల్లో కలుపు తీసే ఆడోళ్లు, ట్రక్కులో కుండలు పట్టుకుని కూర్చున్న నాయనమ్మని చూసి నడుములెత్తి నవ్వారు. ఆమె కూడా వాళ్లకి చెయ్యి ఊపింది.

చీరాలలో పడింది అసలు చిక్కు. సముద్రం ఒడ్డునున్న ఓడరేవు రోడ్డు పట్టాల్సినోడు చిన్నాయన పేరాల దిక్కున ఒక వీధిలోకి తిరిగాడు. అది సాలెల వీధి. వీధి పొడుగునా పడుగు చాపి ఉంది. పడుగంటే తెలుసా మీకు? మగ్గానికి ఎక్కించేముందు నిలువు పోగులన్నిటినీ వీధిలో సాగదీసి, కర్రల మీద నిలబెట్టి, గంజి పట్టిస్తారు. మొగుడొక పక్క, పెళ్లామొక పక్క నిలబడి పెద్ద కుంచెతో ఆ గంజిని పోగు పోగుకీ పట్టేట్టు దువ్వుతా నడుస్తారు. ఆరకముందే తీస్తే పోగులన్నీ ఒకదానికొకటి అతుక్కుని పడుగంతా పాడైపోద్ది. అటు చూస్తే పడుగు, ఇటు చూస్తే రాని రివర్సు. చిన్నాయన ఇంజను ఆపి, తలగుడ్డ తీసి, మొహం తుడుచుకున్నాడు.

"ఏం పర్లేదయ్యా, గంజి ఆరిందాకా కూర్చోండి" అన్నాడు ఆ ఇంటి పెద్దాయన. అరుగు మీద చాపేసి అందరికీ కాఫీలిచ్చారు. ముక్కూ మొహం తెలియని ట్రక్కుడు మందికి కాఫీలు పెట్టిన ఆ ఇంటి ఇల్లాలిని నేను ఇప్పటికీ తలుచుకుంటా.

గంజి ఆరే లోపల ఆ పెద్దాయన తన చిన్నతనం చెప్పాడు. చీరాలనీ పేరాలనీ కలిపి తెల్లోళ్లు మునిసిపాలిటీ చేశారు. పన్నులు ఎన్నో రెట్లు పెరిగినయ్యి. మగ్గం మీద బతికేవాడు యాడ కడతాడు? దుగ్గిరాల గోపాలకృష్ణయ్యగారు, ఆంధ్రరత్న అనేవాళ్లు ఆయన్ని, ఊరు మీది కాదంటే మీరే ఊరొదిలి పొండన్నాడు. 1921లో వేలమంది జనం ఇళ్లకి తాళాలేసి, ఊరి బయట తాటాకు పాకలేసుకుని, దానికి రామనగరం అని పేరు పెట్టుకున్నారు. ఎండల్లో, వానల్లో దాదాపు పదకొండు నెలలు ఆ పాకల్లోనే ఉన్నారు. రామదండు అని గోపాలకృష్ణయ్యగారు కుర్రోళ్లని ఒక దళంగా కట్టాడు. పెద్దాయన అప్పటికి పిల్లోడట, రామదండు వెనక పరిగెత్తేవాడట. ఆ మాట చెప్పేటప్పుడు ఆయన కూర్చున్నోడల్లా లేచి నిలబడ్డాడు. ఒక్క పన్ను కోసం ఊరు ఊరంతా లేచిపోయిన కథ విని మా నాయన చేతులు జోడించాడు. మీ పుస్తకాల్లో ఆ ముచ్చటకి నాలుగు లైన్లే ఇస్తారేమోగానీ అది పుస్తకమంత ముచ్చట.

ఈలోగా నాయనమ్మకి ఇంకొకటి దొరికింది. పెద్దాయన పెట్టెలోంచి తేలియా రుమాలు తీసి చూపించాడు. నూలుని నూనెలో, బూడిద నీళ్లలో రోజుల తరబడి నానబెట్టి, ముడులేసి రంగులద్ది నేసే రుమాలు అది. ఒకప్పుడు ఓడలెక్కి అరబ్బు దేశాలకి పోయింది ఆ సరుకు. ఎరుపు, నలుపు, తెలుపు గళ్లు, ఎంత చక్కగా ఉందని! నాయనమ్మ దాన్ని ముక్కు దగ్గర పెట్టుకుని, "అయ్యో, ఎవరో తలంటుకుని తుడుచుకున్న గుడ్డ నాయనా ఇది, ఉతక్కుండా పెట్టెలో పెట్టారు, ఇట్టా ఇవ్వండి, నేను ఉతికి ఆరేస్తా" అని నిజంగానే చెంబు కోసం చూసింది. ఆ నూనె వాసనే దాని గొప్పతనమమ్మా, ఎన్నేళ్లయినా పోదు అని పెద్దాయన చెప్తే ఆమె నమ్మలా. వీధి వీధంతా నవ్వింది. కుంచె పట్టుకున్న ఆమె కూడా నవ్వాపుకోలేక పడుగు వొదిలి కూలబడింది.

గంజి ఆరింది, పడుగు చుట్టారు, మేము బయటపడ్డాం.

ఓడరేవులో సముద్రం చూసిన నాయనమ్మ ముందు ఏం మాట్లాడలా. కాసేపటికి మా నాయన చెయ్యి పట్టుకుని, "ఒరే, అవతల గట్టు యాడుంది?" అని అడిగింది. గట్టు లేదమ్మా అన్నాడు నాయన. "గట్టు లేకుండా ఇన్ని నీళ్లు ఎట్టా నిలబడినయ్యిరా, మన చెరువుకి గట్టుండి కూడా నిలవట్లేదే" అంది. కరువు నేల మనిషి అట్టానే అడగద్ది మరి.

ఆమెని నీళ్ల దాకా నడిపించడం దేనికి, ట్రక్కులోనే తీసుకుపోతానని చిన్నాయన ట్రాక్టరుని ఇసకలోకి దించాడు. వెనక చక్రాలు ఇరుసు దాకా దిగబడినయ్యి. యాక్సిలేటరు తొక్కేకొద్దీ ఇంకా లోపలికి పోతన్నయ్యి. ఒడ్డున పల్లెకారులు అప్పుడే అలివి వల లాగి తాళ్లు చుట్టుకుంటన్నారు. అలివి వలంటే పడవలో తీసుకుపోయి సముద్రంలో వొంపుగా వేసి, రెండు కొసలూ ఒడ్డు నుంచే లాగే పెద్ద వల. వాళ్లు అడక్కుండానే వచ్చి ఆ వల తాళ్లే ట్రాక్టరుకి కట్టారు. రెండు వరసలుగా నిలబడి, ఒకడు పాట అందుకుంటే మిగతావాళ్లు అడుగు కలిపి లాగారు. చక్రాలు బయటికి రాగానే ఒకాయన రేడియేటరు మీద తట్టి, "ఇంత బరువు చేప ఈ ఏడు పళ్లేదన్నా, దీన్ని ఏ కూరకి కొయ్యాలి?" అన్నాడు.

నాయన డబ్బులివ్వబోతే తీసుకోలా. ఆ జాడీలో ఏందని అడిగారు. పండుమిరప పచ్చడి అని చెప్తే కొంచెం పెట్టమన్నారు. మన దర్శి పచ్చడి ఎట్టుంటదో మీకు చెప్పబల్లేదుగా! వేడి అన్నంలో కలిపి మొదటి ముద్ద పెట్టుకున్న ఒక కుర్రోడు లేచి సముద్రం దిక్కు పరిగెత్తాడు. వాళ్ల తండ్రి మాత్రం కళ్లెంట నీళ్లు కారతన్నా ముద్ద వొదల్లా. "మీ ఊళ్లో దీన్ని రోజూ తింటారా? తిని కూడా బతికే ఉంటన్నారా?" అని అడిగి, ఇంకొంచెం వేయించుకున్నాడు. జాడీ ఆడనే ఉండిపోయింది.

అప్పుడే నాయనమ్మ నీళ్ల కుండల కథ కూడా ముగిసింది. పల్లెకారుల ఇంటి ఆడమనిషి ఇసకలో చెలమ తోడి, చెంబుతో నీళ్లు ముంచి ఇచ్చింది. సముద్రం ఆ కనపడే దూరంలోనే ఉంది. నాయనమ్మ భయపడతా గుక్కెడు తాగింది. తియ్యటి నీళ్లు! వాన నీళ్లు ఆ ఇసకలో ఇంకి, లోపలున్న ఉప్పు నీళ్ల మీద తేలి నిలబడతయ్యి. మంచినీళ్లు తేలిక, ఉప్పునీళ్లు బరువు, అంతే. మన దర్శి, పొదిలి, కనిగిరి దిక్కున బావుల్లో ఫ్లోరైడు నీళ్లు తాగి పళ్లు గారపట్టి, కీళ్లు బిగుసుకుపోయిన జనం ఎంతమందో మీకు తెలుసు. నాయనమ్మ దర్శి నుంచి మోసుకొచ్చిన నీళ్లన్నీ వొంచేసి చెలమ నీళ్లు నింపుకుంది. అంత దూరం వొళ్లో పెట్టుకుని తెచ్చిన నీళ్లు వొంచేటప్పుడు ఆమె ఒక్క మాట కూడా అన్లా.

స్నానాలు చేసి, అరటి దొప్పల్లో దీపాలొదిలి, వేటపాలెం పోయాం. నిజానికి వేటపాలెం మా లెక్కలో లేదు. ఒంగోలు పోదామని బయల్దేరి రోడ్డు పట్టుకుని ఊళ్లోకి దూరాం. చిన్నాయనకి ట్రక్కు తిప్పుకునేంత చోటు కనపడింది సారస్వత నికేతనం దగ్గరే. 1918లో పెట్టిన గ్రంథాలయం అది. ఇప్పుడున్న భవనానికి 1929లో గాంధీగారు శంకుస్థాపన చేశారు. విరిగిన ఆయన చేతికర్రని ఇప్పటికీ దాచి ఉంచారు. పాత పత్రికల్ని ఏడాదికేడాది కుట్టించి బీరువాల్లో పెట్టారు. ఇంత చిన్న ఊళ్లో అంత పని ఎవరో దొరలు చేసింది కాదు, ఊరి కుర్రోళ్లు మొదలుపెట్టి ఊరివాళ్లు నిలబెట్టింది.

మా బావకి పేపరు పిచ్చి. తను పుట్టిన రోజు పేపరు చూపిస్తారా అని అడిగాడు. ఆ గ్రంథాలయం ఆయన ఏమాత్రం విసుక్కోకుండా ఆంధ్రపత్రిక కట్ట తీసుకొచ్చి, దుమ్ము దులిపి, బల్ల మీద పరిచాడు. బావ యుద్ధం వార్తలు గట్టిగా చదవడం మొదలుపెట్టాడు. నాయనమ్మ పక్కనే కూర్చుని వింటా వింటా, "ఆ బొమ్మ ఏందిరా?" అంది. అమృతాంజనం ప్రకటన. "అయితే ఒక సీసా ఇప్పించు, ట్రక్కు కుదుపులకి పొద్దుటి నుంచి తలనొప్పి" అంది. ఇది పాత పేపరమ్మా, ఆడ అమ్మరు అన్నా వినలా. అప్పుడు ఆ గ్రంథాలయం ఆయన నవ్వి, ఆ పత్రిక పెట్టిన కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారే అమృతాంజనం కూడా పెట్టాడని, తలనొప్పి మందు అమ్మిన డబ్బుతోనే పేపరు నడిపాడని చెప్పి, తన సొరుగులోంచి పసుపు సీసా తీసి ఇచ్చాడు. అన్ని పుస్తకాలున్న చోటు నుంచి మా నాయనమ్మ తలకి మందు రాసుకుని వచ్చింది. బావని మాత్రం లేపడానికి చిన్నాయన హారను కొట్టాల్సొచ్చింది.

మోటుపల్లి ఎందుకు పోయామో ఇంక మీకు చెప్పక్కర్లేదు, రోడ్డు అటే పోయింది. ఇప్పుడు చూస్తే చిన్న పల్లె. కాకతీయుల కాలంలో అది పెద్ద రేవు. పదమూడో శతాబ్దం చివర్లో వచ్చిన మార్కో పోలో దాని పేరు ముత్ఫిలి అని రాసుకున్నాడు, ఇక్కడి సన్నబట్టల్ని తెగ మెచ్చుకున్నాడు. ఆడ గుళ్లో గణపతిదేవుడు 1244లో వేయించిన అభయ శాసనం ఉంది. అంతకుముందు తుపాను దెబ్బకి ఓడ ఒడ్డుకి కొట్టుకొస్తే అందులో సరుకంతా రాజులు లాగేసుకునేవాళ్లు. ప్రాణాలకి తెగించి వచ్చినోడికి ఇది అన్యాయమని, సరుకు మీది మీకే, ముప్ఫైలో ఒక వంతు సుంకం కడితే చాలని గణపతిదేవుడు రాతి మీద రాయించాడు. అంత గొప్ప మాట రాయించిన రాజు మన తెలుగు రాజని తలుచుకుంటే నాకు ఇప్పటికీ గుండె పొంగుద్ది. గుళ్లో ఒకాయన ఇదంతా చెప్తే చిన్నాయన శ్రద్ధగా విని, "మరి దర్శి ట్రక్కులో సరుక్కి కూడా ఒక అభయం రాయిస్తే బాగుండు సామీ, ఓడరేవులో జాడీకి జాడీ పోయింది" అన్నాడు. ఆ పచ్చడి ఏందో మాకూ రుచి చూపించమన్నాడాయన. రెండో జాడీలో ముప్ఫైలో ఒక వంతు కంటే ఎక్కువే పోయింది.

చినగంజాంలో ఉప్పు కొటారుల దగ్గర నాయన మనసు ఆగలా. మీకు ఉప్పంటే ప్యాకెట్టు. మాకు ఉప్పంటే ఆ దిక్కు నుంచి వచ్చే బండి. జొన్నలు కొలిచి ఉప్పు కొలిపించుకునే వాళ్లం. ఉప్పు లేందే మన మిరపకాయ జాడీకెక్కదు, మాగాయ నిలవుండదు. 1930లో ఆ ఉప్పు మీద తెల్లోడు వేసిన పన్నుకి ఎదురు తిరిగి మన ప్రకాశం పంతులుగారి మనుషులు దేవరంపాడు శిబిరం నుంచి నడిచారు. మడుల్లో నీళ్లు ఇగిరి తెల్లగా పేరుకున్న ఉప్పుని పలకలతో గట్టుకి లాగి కుప్పలు పోసి ఉంచారు. నాయన గోతాల కొద్దీ కొన్నాడు, ఊరందరికీ పంచొచ్చని. ట్రక్కులో మనుషులకి చోటు లేక గోతాల మీద కూర్చున్నాం.

నాగులుప్పలపాడు రాకముందే మబ్బు కమ్మింది. కార్తీకం కదా, వాయుగుండం పట్టింది. ఉన్నది ఒకే ఒక్క పట్టా, కళ్లంలో మిరపకాయల మీద కప్పేది. చిన్నమ్మ దాన్ని పిల్లకాయల మీద కప్పబోయింది. నాయనమ్మ ఒడిసి పట్టుకుని, "మనుషులు తడిస్తే ఆరతారే, ఉప్పు తడిస్తే మిగలదు" అని గోతాల మీద కప్పించి, నాలుగు కొసల మీద నలుగురిని కూర్చోబెట్టింది. గాలికి పట్టా లేవకుండా మేము దాన్ని పట్టుకుని, వాన వొంటి మీద పడతా ఉంటే ఒంగోలు చేరాం. సత్రం కాపలాదారు లాంతరు ఎత్తి చూసి, నీళ్లు కారతన్న మనుషుల్నీ, చుక్క నీరు తగలని గోతాల్నీ చూసి, "లోపల ఎవరున్నారయ్యా, జబ్బు మనిషా?" అని అడిగాడు. ఉప్పు అని చెప్తే ఆయనకి చాలాసేపు అర్థం కాలా. ఒంగోలు పక్కన కొత్తపట్నం ఒడ్డుకి కూడా పోవాలన్న కోరిక ఆ వానలో పోయింది. మర్నాడు చీమకుర్తి మీదుగా ఇల్లు చేరాం. ఒక్క గోతాం కూడా కరగలా. జలుబు చెయ్యని మనిషి ఒక్కరు కూడా లేరు. ఉప్పు పంచేటప్పుడు నాయనమ్మ ప్రతి ఇంటి ముందూ గట్టు లేని చెరువు కథ చెప్పింది.

మరుసటేడు, 1977 నవంబరు 19న ఉప్పెన వచ్చింది. దివిసీమలో ఊళ్లకి ఊళ్లు పోయినయ్యి. పదివేలమందికి పైగా చచ్చిపోయారు. గాలి దెబ్బ బాపట్లకీ మన చీరాల దిక్కుకీ తగిలింది. కబురు తెలిసిన రోజు నాయనమ్మ అన్నం ముట్టలా. "వాళ్లు తాళ్లేసి లాగినోళ్లురా" అంది. మా వీధి వీధంతా బియ్యం, చింతపండు, పాత దుప్పట్లు, పచ్చడి జాడీలు తెచ్చి ట్రక్కులో పెట్టారు. చిన్నాయన ఓడరేవు పోయి ఇచ్చి వచ్చాడు. పాకల మధ్య ఇరుకు దోవలో ట్రక్కుని తనే వెనక్కి పెట్టాడంట. ఆ ఏడాదంతా ఎవరూ చూడకుండా చేలో రివర్సు నేర్చుకున్నాడని మాకు అప్పుడే తెలిసింది.

ఇప్పుడు 2022 నుంచి చీరాల, వేటపాలెం బాపట్ల జిల్లాలోకి పోయినయ్యి. మన దర్శి ఒకప్పుడు నెల్లూరు జిల్లా, 1970లో ఒంగోలు జిల్లాలోకి వచ్చింది, 1972లో దానికి ప్రకాశం పేరు పెట్టారు. జిల్లాలు ఎన్ని మారినా ఆ దోవ మనదే. మీరు కార్తీకానికి కారెక్కి హైవే మీద సర్రున పోయి, ఒడ్డున ఫొటోలు దిగి, రాత్రికి ఇంట్లో ఉంటన్నారు. అట్టా పోబాకండి. పేరాల వీధుల్లో ఇంకా మగ్గం చప్పుడు వినపడద్ది, ఆగండి. వేటపాలెంలో పుస్తకాల బీరువా తెరిపించుకుని మీ తాతలనాటి పేపరు చూడండి. మోటుపల్లి గుళ్లో ఆ రాయి ముందు కాసేపు నిలబడండి.

ఇంకొక మాట. కార్తీకంలో ఆ ఒడ్డున ఈత వచ్చిన పిల్లలు కూడా మునిగి పోతన్నారు, కెరటం కింద గుంటలు పైకి కనపడవు. ఓడరేవు గానీ, సూర్యలంక గానీ, రామాపురం గానీ, నీళ్లలో కాలు పెట్టేముందు ఒడ్డునున్న పల్లెకారుల్ని అడగండి. ఈడ దిగొద్దని వాళ్లంటే దిగబాకండి. పోయేటప్పుడు వాళ్ల కోసం ఒక పచ్చడి జాడీ తీసుకుపోండి.